ఒకే జాబితాలో ఇద్దరు ఒకేసారి రాస్తే?

కసాండ్రా అనే డేటాబేస్ ఒకే సమాచారాన్ని చాలా కంప్యూటర్లలో దాచుకుంటుంది. అందులోని పాటల జాబితా చివర మీరొక పాట, మీ చెల్లి ఇంకో పాట ఒకేసారి చేర్చారనుకోండి. ఏది పోతుంది? ఏదీ పోదు! ఎందుకంటే ప్రతి పాటా విడి గడిలో, సమయాన్ని బట్టి పుట్టే ప్రత్యేక గుర్తుతో చేరుతుంది. ఆ గుర్తుల వరసే పాటల వరస.

మరి చిక్కెక్కడ? నెట్‌వర్క్ తడబడి జవాబు రాకపోతే యాప్ మళ్లీ పంపుతుంది. కొత్త గుర్తు పుట్టి, అదే పాట రెండుసార్లు చేరుతుంది. ఇంకో చిక్కూ ఉంది: ‘మూడో పాట మార్చు’ అంటే ముందు జాబితా చదివి, మూడోది ఏదో చూడాలి. ఈలోగా ఎవరైనా మొదటి పాట తీసేస్తే, మార్పు రెండో స్థానంలోకి జరిగిన పాట మీద పడుతుంది!

అందుకే వరసతో పని లేనప్పుడు జాబితాకు బదులు ‘సెట్’ వాడాలి. అందులో ఒకే పాట ఎన్నిసార్లు పంపినా ఒక్కటే ఉంటుంది.