తెర వెనుక ‘పెట్టె’.. తేడా వస్తే చీకటే!
రంగస్థల దీపాలకు మీడియా సర్వర్‌ అనుసంధానంలో పాటించాల్సిన మెలకువలు

నృత్య నాటిక మొదలైంది. నర్తకి వేదికపైకి వచ్చింది. వెనుకనున్న ఎల్‌ఈడీ తెరపై సూర్యోదయం కనిపించాల్సిన క్షణాన కంప్యూటర్‌ డెస్క్‌టాప్‌, దాని మూలన ‘అప్‌డేట్‌ చేయాలా?’ అన్న ప్రశ్న ప్రత్యక్షమయ్యాయి. ప్రేక్షకుల్లో నవ్వులు.. నెలల తరబడి చేసిన సాధన ఒక్క నిమిషంలో నీరుగారిపోయింది. కళాశాల వార్షికోత్సవాలు, ఆలయ ఉత్సవాలు, పెళ్లి సంగీత్‌లలో ఇలాంటి దృశ్యాలు అరుదేమీ కాదు. తప్పు నర్తకిది కాదు, తెరది అంతకన్నా కాదు. రెండింటి మధ్యనున్న మీడియా సర్వర్‌ను సరిగా సిద్ధం చేయకపోవడమే కారణం.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం రంగుల పరదాలు, తీగలు, దీపాలతోనే మాయలు చూపి మెప్పించింది. పరదా లాగే వ్యక్తికి, దీపం వెలిగించే వ్యక్తికి మధ్య అక్కడ ఒక కనుసైగ చాలు. నేటి వేదికపై ఆ కనుసైగ స్థానాన్ని నెట్‌వర్క్‌ కేబుల్‌ ఆక్రమించింది.

దీపంలా కనిపించే కంప్యూటర్‌
వీడియోలను నిల్వ ఉంచుకొని, ఆజ్ఞ అందిన క్షణమే తెరపైకి పంపే శక్తిమంతమైన కంప్యూటరే మీడియా సర్వర్‌. హిప్పోటైజర్‌, డిస్‌గైజ్‌ వంటివి ప్రత్యేక యంత్రాలుగా లభిస్తాయి. రిజల్యూమ్‌ వంటి సాఫ్ట్‌వేర్‌ను మంచి గ్రాఫిక్‌ కార్డున్న కంప్యూటర్‌లోనే వాడుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్‌లో వీడియో నడపడానికి, దీనికి ఉన్న తేడా ఒక్కటే.. ఇది లైటింగ్‌ కన్సోల్‌ మాట వింటుంది.

కన్సోల్‌ దృష్టిలో సర్వర్‌ కూడా మరో దీపమే. షార్పీకి వెలుగు, రంగు, దిశలకు ఒక్కో చానల్‌ ఉన్నట్లే సర్వర్‌లోని ప్రతి పొరకూ వెలుగు, వేగం, పరిమాణం వంటి వాటికి చానళ్లు ఉంటాయి. వాటిలో ఒకటి ఫోల్డర్‌ సంఖ్యను, మరొకటి ఆ ఫోల్డర్‌లోని వీడియో సంఖ్యను చెబుతుంది. ఒక్కో చానల్‌ విలువ 0 నుంచి 255 వరకు ఉంటుంది. ‘అంతా సరిగానే ఉంది, బొమ్మ మాత్రం రావడం లేదు’ అని తల పట్టుకునే సందర్భాల్లో తరచూ బయటపడేది ఆ పొర వెలుగు చానల్‌ సున్నాలో ఉండిపోవడమే.

చిరునామా కుదరాలి
దీపాలకు ఆజ్ఞలు చేరవేసే డీఎంఎక్స్‌-512 విధానం 1986లో రూపుదిద్దుకుంది. ఒక లైనులో 512 చానళ్లు.. దాన్నే ‘యూనివర్స్‌’ అంటారు. ఒక లైనుకు 32 పరికరాలకు మించి తగిలించరాదు. మించితే స్ప్లిటర్‌ పెట్టాలి. లైను చివర 120 ఓమ్‌ల టెర్మినేటర్‌ అవసరం. మైకు కేబులూ చూడ్డానికి అలాగే ఉంటుంది కాబట్టి దాన్నే తగిలించేవారు ఎక్కువ. నాలుగైదు దీపాల వరకు పని జరిగిపోతుంది. లైను పొడవు పెరిగాక దీపాలు వాటంతటవే వణకడం మొదలుపెడతాయి.

సర్వర్‌కు వందల చానళ్లు కావాలి కాబట్టి కన్సోల్‌ నుంచి నెట్‌వర్క్‌ కేబుల్‌ ద్వారా ఆర్ట్‌నెట్‌ లేదా ఎస్‌ఏసీఎన్‌ పద్ధతిలో ఆజ్ఞలు పంపుతారు. ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు. ఆర్ట్‌నెట్‌లో కన్సోల్‌కు 2.0.0.10 అనే ఐపీ చిరునామా ఇచ్చారనుకోండి.. సర్వర్‌కు 2.0.0.20 ఇవ్వవచ్చు. రెండింటికీ సబ్‌నెట్‌ మాస్క్‌ 255.0.0.0 ఉండాలి. రెండు పరికరాలకు ఒకే చిరునామా ఇస్తే ఒకే ఇంటి నంబరున్న రెండిళ్లకు ఉత్తరం వచ్చినట్లే. చిరునామాలను యంత్రం ఇష్టానికి వదలకుండా చేత్తోనే స్థిరపరచాలి. వైఫై ఆపేయాలి. విండోస్‌ ఫైర్‌వాల్‌ ఆజ్ఞలను అడ్డగించకుండా అనుమతి ఇవ్వాలి.

ఇంకో చిక్కుంది. ఆర్ట్‌నెట్‌లో యూనివర్స్‌ లెక్క సున్నా నుంచి, ఎస్‌ఏసీఎన్‌లో ఒకటి నుంచి మొదలవుతుంది. పైగా కొన్ని కన్సోళ్లు ఆర్ట్‌నెట్‌ సున్నానే ‘1’గా చూపుతాయి. అన్ని తీగలూ సరిగా ఉండి కూడా ఆజ్ఞ అందకపోతే ముందు ఆ అంకెను ఒకటి పెంచి, తగ్గించి చూడటం మేలు.

బొమ్మ తెరకు సరిపోవాలంటే..
500 మి.మీ. చతురస్రపు పలకలో అటు 128, ఇటు 128 చుక్కలుండే ఎల్‌ఈడీ తెరలు అద్దెకు విరివిగా దొరుకుతాయి. సుమారు 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు తెరకు 72 పలకలు పడతాయి. అంటే అడ్డంగా 1,536, నిలువుగా 768 చుక్కలు.. మొత్తం 11.79 లక్షలు. ప్రాసెసర్‌ నుంచి వెళ్లే ఒక్కో కేబుల్‌ సాధారణంగా 6.5 లక్షల చుక్కలనే మోయగలదు కాబట్టి రెండు కేబుళ్లు తప్పనిసరి. ఒక్కదానితో సరిపెడితే సగం తెర నల్లగా మిగులుతుంది. వీడియోను కూడా 1536x768 కొలతలోనే తయారు చేయించుకోవాలి. లేదంటే దేవుడి విగ్రహం సాగినట్లు కనిపిస్తుంది.

ఫోన్‌లో చక్కగా ఆడిన ఎంపీ4 వీడియో సర్వర్‌లో తడబడటానికీ కారణముంది. స్థలం ఆదా కోసం అందులో ప్రతి దృశ్యాన్నీ పూర్తిగా దాచరు. ముందు దృశ్యంతో పోల్చి మారిన భాగాన్నే దాస్తారు. మధ్యలోకి దూకాలన్నా, నాలుగు పొరలు ఒకేసారి నడపాలన్నా కంప్యూటర్‌కు ఊపిరాడదు. హ్యాప్‌, డీఎక్స్‌వీ రూపాల్లో ప్రతి దృశ్యమూ విడివిడిగా ఉంటుంది. ఫైలు పెద్దదవుతుంది, ఎస్‌ఎస్‌డీ కావాలి. కానీ పిలవగానే పలుకుతుంది. సెకనుకు 25 దృశ్యాలతో చేసిన వీడియో అయితే అవుట్‌పుట్‌ 50 హెర్ట్జ్‌లో, 30 అయితే 60లో ఉంచితే కదలికలో కుదుపు ఉండదు.

కరెంటుతో చెలగాటం
ఇంతవరకు చెప్పిన వాటిలో పొరపాటు జరిగితే పోయేది పరువే. కరెంటు దగ్గర జరిగితే ప్రాణమూ పోవచ్చు. త్రీఫేజ్‌ జనరేటర్‌లో ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు, రెండు ఫేజ్‌ల మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్‌ వదులై ఊడిందంటే తక్కువ భారమున్న ఫేజ్‌లోని పరికరాలపైకి 400 వోల్టుల దాకా ఎగబాకుతుంది. లక్షల రూపాయల సరంజామా నిమిషాల్లో బూడిదే. స్విచ్‌ వేయడానికి ముందే ప్రతి ఫేజ్‌నూ మల్టీమీటర్‌తో కొలవాలి, కార్యక్రమం మధ్యలోనూ గమనిస్తుండాలి. ఇనుప ట్రస్‌కు ఎర్తింగ్‌ ఇచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చనిదే దానిపైకి మనిషిని ఎక్కించకూడదు.

సర్వర్‌ ప్రేక్షకుల వెనుక, తెర వేదికపైన ఉండటంతో రెండింటికీ కరెంటు వేర్వేరు చోట్ల నుంచి వస్తుంది. ఎర్తింగ్‌లో తేడా ఉంటే రాగి హెచ్‌డీఎంఐ కేబుల్‌ గుండా కరెంటు పారి పోర్టులు కాలిపోతాయి. దూరం ఎక్కువైతే బొమ్మ కూడా తెగుతుంది. ఆప్టికల్‌ ఫైబర్‌ కేబుల్‌ వాడితే రెండు బాధలూ చాలావరకు తప్పుతాయి. అయితే దానికి సర్వర్‌ వైపు కొన, తెర వైపు కొన వేర్వేరు. తిప్పి పరిచారో, వంద అడుగుల కేబుల్‌ను మళ్లీ చుట్టాల్సిందే!

అద్దె మిగుల్చుకోవాలని నిర్వాహకులు సాయంత్రం వేళకే సరంజామాను రప్పించడం, తాపీగా పరీక్షించే వ్యవధి లేకుండా పోవడం మామూలైంది. కనీసం ఒక పూట ముందు అన్నీ కలిపి నడిపి చూడాలి. అప్‌డేట్లు, స్క్రీన్‌ సేవర్‌, నిద్రావస్థ అన్నీ ఆపేయాలి. సర్వర్‌కు, కన్సోల్‌కు యూపీఎస్‌ ఉండాలి. వీలైతే అవే వీడియోలతో రెండో సర్వర్‌ను సిద్ధంగా ఉంచుకోవాలి.

వందన సమర్పణ పూర్తికాగానే జనరేటర్‌ ఆపేయడం చాలాచోట్ల పరిపాటి. షార్పీల్లోని డిశ్చార్జ్‌ బల్బులు ఆర్పాక కూడా కొన్ని నిమిషాలు ఫ్యాన్‌ తిరగాలి. సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్‌ చేయాలి. అందుకే జనరేటర్‌ దగ్గరున్న వ్యక్తికి ‘చెప్పేదాకా ఆపొద్దు’ అని ముందే చెప్పి ఉంచాలి.