తెర మీది రంగులు అందరికీ ఒకటేనా?

సెల్‌ఫోన్ తెర మీద చిన్న నీటి తుంపర పడినప్పుడు ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? ఆ తుంపర భూతద్దంలా పనిచేస్తుంది. దానిలోంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. తెల్లగా ఉన్నచోట కూడా ఈ మూడే! ఒక్కొక్క రంగు వెలుగును సున్న నుంచి 255 వరకు, అంటే 256 మెట్లలో పెంచవచ్చు, తగ్గించవచ్చు. 256ను 256తో, మళ్ళీ 256తో గుణించండి. 1,67,77,216 వస్తుంది. మామూలు తెర ఇన్ని రంగులు చూపగలదన్నమాట.

ఇన్ని రంగులు ఉచితంగా దొరికితే ఎవరి చేయి ఊరుకుంటుంది? సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు సరైన జవాబుకు ఆకుపచ్చ చుక్క, తప్పు జవాబుకు ఎర్ర చుక్క పెట్టి, పని అయిందనుకుంటారు. ఆ రెండు చుక్కలూ కొందరికి ఒకేలా కనిపించవచ్చునని వారికి తట్టదు.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ అలాంటివాడే. జెరేనియం అనే గులాబీరంగు పువ్వు ఆయనకు పగటి వెలుగులో ఆకాశనీలంగానూ, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగానూ కనిపించేది. ఆయన సోదరుడికీ అంతే! ఈ సంగతిని 1794లో మాంచెస్టర్‌లో పండితుల ముందు వివరించాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఎరుపును అడ్డుకుంటున్నదని ఆయన ఊహ. చనిపోయాక తన కళ్ళను పరీక్షించమని కోరాడు. 1844లో పరీక్షిస్తే ద్రవం స్వచ్ఛంగా ఉంది! అసలు కారణం 1995లో తెలిసింది. భద్రపరచిన కంటి నుంచి డి.ఎన్.ఎ. తీసి చూస్తే, ఆకుపచ్చను ఎక్కువగా గ్రహించే శంకు కణాలకు కావలసిన వర్ణకం ఆయనలో లేదని తేలింది.

మన రెటీనాలో మూడు రకాల శంకు కణాలుంటాయి. వాటిలో ఒక రకం లోపించినా, మార్పు చెందినా ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియడం కష్టమవుతుంది. దీనికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అబ్బాయిలకు ఆ క్రోమోజోము ఒకటే కనుక ఈ లోపం వారిలోనే ఎక్కువ. యూరప్ సంతతి పురుషుల్లో సుమారు 12 మందికి ఒకరు ఇలాంటివారు. ఆసియా ప్రజల్లో ఇంతకన్నా తక్కువే. అయినా 50 మంది అబ్బాయిలున్న తరగతిలో ఒకరిద్దరు ఉండవచ్చు. అది తమకే తెలియకపోవచ్చు కూడా!

అయితే ఏ లోపమూ లేని కంటికి కూడా తెర మీద చిక్కులున్నాయి. మూడు చుక్కలూ పూర్తిగా వెలిగినప్పుడు మన కంటికి తోచే వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు. అంటే పసుపు వెలుగు తెలుపులో 93 శాతం! తెల్లని తెర మీద పసుపు అక్షరాలు మాయమైపోవడంలో వింత ఏముంది? నీలం అక్షరాలైతే హాయిగా చదువుకోవచ్చు.

ఈ తేడాను కొలవడానికి ఒక లెక్క ఉంది. తెలుపు మీద నలుపుకు 21 వస్తుంది. అదే అత్యధికం. నీలానికి 8.6, ఎరుపుకు 4, పసుపుకు 1.07. మామూలు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో ప్రమాణం నిర్ణయించింది. అచ్చమైన ఎరుపు కూడా తప్పిందని గమనించారా? అర్థాన్ని రంగు ఒక్కదానికే అప్పగించవద్దని ఆ సంస్థ అంతకుముందే, 1999లోనే చెప్పింది.

మరేం చేయాలి? ఎర్ర చుక్క పక్కన ఇంటూ గుర్తు, ఆకుపచ్చ చుక్క పక్కన టిక్కు గుర్తు పెడితే చాలు. రోడ్డు మీది సిగ్నల్ దీపాల్లో ఎరుపు ఎప్పుడూ పైనే ఉంటుంది కదా, అలాంటి ఏర్పాటే ఇది. 2021లో వచ్చిన వర్డిల్ అనే మాటల ఆటలో ఆకుపచ్చ, పసుపు గడులకు బదులు నారింజ, నీలం గడులు పెట్టుకునే వీలుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు కూడా ఈ రెంటినీ సులభంగా గుర్తుపడతారు.

మీరొక ప్రయోగం చేయండి. ఫోన్ సెట్టింగులలో తెరను నలుపు తెలుపుగా మార్చే సదుపాయం ఉంటుంది. పెద్దలను అడిగి ఒక గంటసేపు అలా ఉంచండి. (డాల్టన్‌కు లోకం నలుపు తెలుపుగా కనిపించేదని మాత్రం అనుకోకండి. నీలం, పసుపు ఆయనకు బాగానే తెలిసేవి.) ఏది నొక్కాలో తెలియక మీ వేలు ఎక్కడెక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసుకోండి.