చేను కాపలా కుక్క చిక్కిపోతే: రేనాటి ధాన్యాలతో పోషణ నిర్వహణ

రాయలసీమ మెట్ట సేద్యంలో కుక్కకు పద్దు లేదు. ఎడ్ల మేత, గొర్రెల టీకాలు, పాడి గేదె దాణా సాగు లెక్కల్లో కనిపిస్తాయి. రాత్రిపూట కల్లం దగ్గర, గొర్రెల మంద చుట్టూ, అడవి పందులు దిగే చేని గట్టు మీద మేలుకొని ఉండే కుక్క మాత్రం ఏ లెక్కలోనూ చేరదు. నంద్యాల జిల్లాలోని సంజామల, నొస్సం పరిసరాల వంటి నల్లరేగడి ప్రాంతాల్లో శనగ, జొన్న పండించే రైతుకైనా, కోత ముగిసిన పొలాల్లో మంద కట్టే గొర్రెల కాపరికైనా ఈ జంతువు అవసరమే. అయినా నాలుగైదు నెలల వయసులో పక్కటెముకలు తేలి, వెన్నుపూస లెక్కపెట్టగలిగేలా ఉన్న కుక్కపిల్లలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. ఇంట్లోవారు పెట్టడం లేదా అంటే, పెడుతూనే ఉంటారు. పెట్టినా కండ పట్టకపోవడమే ఇక్కడి సమస్య.

సస్యశాస్త్రం చెప్పేవారికి ఈ సమస్య కొత్తది కాదు. మొక్కకు నత్రజని ఎంత వేసినా జింకు లోపం ఉంటే పైరు కోలుకోదు. అన్ని పోషకాలూ వేసినా నీరు నిలిచిన నేలలో వేరు వాటిని అందుకోలేదు. కార్ల్ స్ప్రెంగెల్ మొదట ప్రతిపాదించగా, 1840 తరువాత లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన కనిష్ఠ సూత్రాన్ని మనం తరగతిలో పైర్లకే పరిమితం చేసి బోధిస్తాం. ఎదిగే కుక్కకూ అది వర్తిస్తుంది. చిక్కిన కుక్కపిల్ల విషయంలో విస్తరణ శాస్త్రవేత్త ముందు అడగవలసింది ఎంత పెడుతున్నారని కాదు. ఏది తక్కువైంది, పెట్టినది ఎక్కడ పోతోంది అని అడగాలి.

ముందు నిర్ధారణ

కుక్క శరీర స్థితిని 1 నుంచి 9 వరకు అంకెలతో సూచించే పద్ధతి పశువైద్యంలో స్థిరపడి ఉంది. పక్కటెముకలు, వెన్ను, తుంటి ఎముకలు దూరం నుంచే కనిపిస్తూ కండ తరిగి ఉంటే 1 లేదా 2. పక్కటెముకలు చేతికి సులభంగా తగులుతూ, వాటిపై పలుచని కొవ్వు పొర ఉండి, పైనుంచి చూస్తే నడుము ఏర్పడి ఉంటే 4 లేదా 5. ఇదే కోరదగిన స్థితి. కంటిచూపుతో పాటు అరచేతితో తడిమి చూడాలి. దట్టమైన వెంట్రుకలు సన్నదనాన్ని దాచగలవు.

ఎముకలు తేలి ఉన్నా పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే, అది తిండి ఎక్కువైన గుర్తు కాదు, నులిపురుగులను అనుమానించాలి. గుండ్రటి పురుగులు తల్లి గర్భంలోనే పిల్లకు చేరతాయి. కొంకి పురుగుల పిల్లదశలు తల్లిపాల ద్వారా రాగలవు. అందువల్లనే పుట్టిన రెండో వారంలోనే నులిపురుగుల మందు మొదలుపెట్టి, ఎనిమిదో వారం వరకు రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి ఇవ్వాలని పశువైద్యులు సూచిస్తారు. మన పల్లెల్లో చాలా పిల్లలకు ఇందులో ఒక్క విడత కూడా అందదు. కొంకి పురుగు పేగు గోడను కరిచి రక్తం పీలుస్తుంది. చిగుళ్లు పాలిపోతాయి. పిడుదులు ఎక్కువగా పట్టినప్పుడూ, అవి మోసే రక్త పరాన్నజీవుల వల్లా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఈ స్థితిలో తిండి పెంచడం నీరు నిలిచిన పొలంలో యూరియా చల్లడం వంటిది.

మందు మోతాదు కుక్క బరువును బట్టి ఉంటుంది. గొర్రెల కోసం తెచ్చిన మందును అంచనాగా కుక్కపిల్లకు పట్టరాదు. రక్తపు విరేచనాలు, ఆగని వాంతులు, జ్వరం, ఒక రోజంతా తిండి ముట్టకపోవడం, తెల్లబడిన చిగుళ్లు కనిపిస్తే ఆహార ప్రణాళికను పక్కన పెట్టి వెంటనే పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. టీకా వేయని పిల్లల్లో పార్వో వ్యాధి రోజుల వ్యవధిలోనే ప్రాణం తీయగలదు.

మజ్జిగన్నం ఎందుకు చాలదు

విశ్రాంతి స్థితిలో కుక్కకు కావలసిన శక్తిని లెక్కించడానికి ఒక సులువైన మార్గం ఉంది. బరువును కిలోల్లో తీసుకొని దాని ఘనానికి రెండుసార్లు వర్గమూలం తీసి, వచ్చిన అంకెను 70తో గుణించాలి. ఐదు కిలోల పిల్లకు ఇది సుమారు 234 కిలో కేలరీలు. నాలుగు నెలల లోపు పిల్లకు దీనికి మూడు రెట్లు, ఆపైన రెండు రెట్లు కావాలి. నాలుగు నెలల ప్రాయంలో ఐదు కిలోలున్న చిక్కిన పిల్లకు రోజుకు 600 కిలో కేలరీలను గురిగా పెట్టుకోవచ్చు.

ఈ శక్తిని వట్టి అన్నంతో సమకూర్చాలంటే 460 గ్రాముల వండిన అన్నం తినిపించాలి. మజ్జిగ కలిపితే ఘనపరిమాణం ఇంకా పెరుగుతుంది, పిల్ల కడుపు చిన్నది. అంతా తిన్నా అందే మాంసకృత్తులు సుమారు 12 గ్రాములే. ఎదిగే కుక్క ఆహారంలో తేమ తీసిన లెక్కన కనీసం 22.5 శాతం మాంసకృత్తులు, 8.5 శాతం కొవ్వు ఉండాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. అన్నం ఈ రెండింటిలోనూ చాలా వెనుకబడుతుంది. కడుపు నిండినా కండ పెరగకపోవడానికి కారణం ఇదే.

అలాగని ధాన్యాన్ని పూర్తిగా మానిపించి పచ్చి మాంసం పెట్టాలన్న వాదనకూ శాస్త్రీయ బలం లేదు. 2013లో నేచర్ పత్రికలో ప్రచురితమైన స్వీడన్ పరిశోధకుల జన్యు అధ్యయనం ప్రకారం, పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులు ఉంటే, కుక్కలో 4 నుంచి 30 వరకు ఉన్నాయి. మనిషి వ్యవసాయం పక్కన బతకడం వల్ల కుక్క సంపాదించుకున్న లక్షణమిది. జొన్న, కొర్ర, బియ్యం ఏవైనా మెత్తగా ఉడికితే కుక్క జీర్ణించుకోగలదు.

స్థానిక పంటలతో కూర్పు

జొన్నలో లైసిన్ తక్కువ, శనగలో అది సమృద్ధి. శనగలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు తక్కువ, గుడ్డు ఆ లోటును తీరుస్తుంది. అంతరపంటల్లో మనం చూసే పరస్పర సహకారం ఇక్కడ గిన్నెలో జరుగుతుంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ మెట్ట మండలానికి అందించిన తెల్ల జొన్న, కొర్ర, శనగ రకాలు పండే ఊళ్లలో ఈ కూర్పుకు కావలసిన ధాన్యం కొనవలసిన పని లేదు. పైన చెప్పిన ఐదు కిలోల పిల్లకు ఒక రోజు ఆహారం ఈ విధంగా ఉండవచ్చు.

- జొన్న రవ్వ లేదా కొర్ర బియ్యం 60 గ్రాములు, మెత్తగా ఉడికించినది: 210 కిలో కేలరీలు
- ఉడికించిన కోడిగుడ్లు 2: 150 కిలో కేలరీలు
- నానబెట్టి మెత్తగా ఉడికించిన శనగపప్పు 20 గ్రాములు: 70 కిలో కేలరీలు
- ఎముక లేని కోడి మాంసం 50 గ్రాములు, ఉడికించినది: 65 కిలో కేలరీలు
- పెరుగు 100 గ్రాములు: 60 కిలో కేలరీలు
- వేరుశనగ నూనె ఒక చిన్న చెంచా: 45 కిలో కేలరీలు

ధాన్యం, పప్పుల తూకాలు వండక ముందటివి. మొత్తం 600 కిలో కేలరీలు, సుమారు 35 గ్రాముల మాంసకృత్తులు. తేమ తీసిన లెక్కన మాంసకృత్తులు 27 శాతానికి చేరతాయి. మాంసం తినని ఇళ్లలో ఒక గుడ్డు పెంచవచ్చు. పాలకన్నా పెరుగును ఎంచుకోవడానికి కారణం, కొన్ని కుక్కలకు పాలలోని లాక్టోజ్ వల్ల విరేచనాలు కావడం.

ఈ కూర్పులో మిగిలే లోటు ఖనిజాలది. ఈ ఆహారంలో కాల్షియం పావు గ్రాము కూడా మించదు, అవసరమో ఒకటిన్నర గ్రాములకు పైబడి ఉంటుంది. ధాన్యాలు, పప్పుల్లోని భాస్వరంలో అధిక భాగం ఫైటేటు రూపంలో బంధించబడి ఉంటుంది కనుక భాస్వరం కూడా చాలదు. రెండింటి నిష్పత్తి 1:1 నుంచి 2:1 మధ్య ఉండాలి. పశువుల ఖనిజ మిశ్రమాన్ని చిటికెల లెక్కన కలపడం ఇందుకు పరిష్కారం కాదు. కుక్కల కోసం తయారైన కాల్షియం–భాస్వరం, విటమిన్ మిశ్రమాన్ని పశువైద్యుని సలహాపై వాడాలి. అతిగా ఇచ్చిన కాల్షియం ఎదిగే ఎముకకు లోటంత హానీ చేస్తుంది.

శనగ చవకగా దొరుకుతుందని దానినే ప్రధాన ఆహారం చేయరాదు. ధాన్యం లేకుండా పప్పుదినుసులతో నిండిన కుక్క ఆహారాలకు, గుండె కండరాల వ్యాధికి సంబంధం ఉన్నదేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018 జూలైలో పరిశీలన ప్రారంభించింది. కార్యకారణ సంబంధం రుజువు కాకపోయినా, పప్పును తోడుగానే ఉంచడం వివేకం.

పెట్టే క్రమం

చాలా రోజులు పస్తున్న కుక్కకు ఒక్కసారిగా పూర్తి మోతాదు పెట్టకూడదు. రక్తంలోని లవణాల సమతుల్యం హఠాత్తుగా దెబ్బతిని ప్రాణాపాయం కలగవచ్చు. మొదటి రోజు లెక్కలో పావు వంతుతో మొదలుపెట్టి, వారం రోజుల్లో క్రమంగా పూర్తి మోతాదుకు చేరాలి. దానిని రోజుకు నాలుగు పూటలుగా పంచాలి. శుభ్రమైన నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

పెద్దయ్యాక 15 కిలోలు తూగే జాతి పిల్ల రోజుకు 30 నుంచి 60 గ్రాములు, అంటే వారానికి 200 నుంచి 400 గ్రాములు పెరగడం సాధారణం. పిల్లను ఎత్తుకొని కాటాపై నిలబడి, తరువాత ఒంటరిగా తూగి తేడా తీస్తే చాలు. వారానికొకసారి అదే వేళకు తూచి రాయాలి. బరువు పెరిగేకొద్దీ శక్తి లెక్కను తిరిగి వేయాలి. నులిపురుగుల మందు, సరైన కూర్పు రెండూ అందినా రెండు వారాల్లో పెరుగుదల లేకుంటే మళ్లీ వైద్య పరీక్ష అవసరం.

గిన్నెలోకి రాకూడనివి

ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. కొంకి పురుగులతో అప్పటికే రక్తం తగ్గిన పిల్లకు మిగిలిన పులుసన్నం పెట్టడం రెండింతల నష్టం. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా విషతుల్యమే. ఉడికించిన ఎముకలు పెళుసుగా విరిగి పేగును చీల్చగలవు.

బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్నలలోని అఫ్లాటాక్సిన్ విషయంలో కుక్క చాలా సున్నితమైనది. 2005 చివరలో అమెరికాలో కలుషిత మొక్కజొన్నతో తయారైన ఆహారం తిని వందకు పైగా కుక్కలు కాలేయం దెబ్బతిని చనిపోయాయి. పశువులకు పనికిరాదని పక్కన పెట్టిన చెక్కను కుక్కకు వేయడం అందువల్ల పొదుపు కాదు.

అన్నింటికన్నా జాగ్రత్త వహించవలసింది గొర్రె, మేకల పచ్చి కాలేయం, ఊపిరితిత్తుల విషయంలో. కుక్క త్వరగా బలుస్తుందని కోత దగ్గర వీటిని విసరడం అలవాటు. వాటిలో నీటి తిత్తులు ఉంటే, వాటి నుంచి కుక్క పేగులో సన్నని బద్దెపురుగులు పెరుగుతాయి. కుక్కలో బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కుక్క మలంతో గుడ్లు పొలంలో, గడ్డిపై, నీటిలో చేరి తిరిగి గొర్రెకు, మనిషికి సోకుతాయి. మనిషి కాలేయం, ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి తిత్తి పెరిగి శస్త్రచికిత్స దాకా వస్తుంది. గొర్రె తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరిగే మెదడు తిత్తి జబ్బుకూ ఇలాంటి చక్రమే మూలం, అక్కడ కుక్క తినేది గొర్రె తలకాయలోని మెదడు. ఎరువు కోసం మంద కట్టిన పొలంలో కుక్క, గొర్రె, కాపరి ఒకే చోట రాత్రి గడుపుతారు కనుక ఈ చక్రానికి అక్కడ అడ్డు ఉండదు. తిత్తులున్న అవయవాలను లోతుగా పాతిపెట్టాలి. మిగిలిన వాటిని కనీసం అరగంట మరిగించి మాత్రమే పెట్టాలి. కుక్కకు బద్దెపురుగులపై పనిచేసే ప్రాజిక్వాంటెల్ మందును పశువైద్యుని సూచన మేరకు క్రమం తప్పకుండా ఇవ్వాలి.

విస్తరణ కర్తవ్యం

పూటకు తిండి పెట్టే మనిషికి కుక్క చేరువవుతుంది, చేరువైన కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించడం సులువు. కాబట్టి పోషణ, నులిపురుగుల నివారణ, టీకా మూడింటినీ ఒకే సలహాగా రైతుకు అందించాలి. గొర్రెల మందలకు మందు వేసే రోజున మంద కుక్కలకూ పశు సంవర్ధక సిబ్బందితో వేయిస్తే అదనపు ప్రయాణం ఉండదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెల్లో ఉండే విద్యార్థులు తమ ఆతిథేయ రైతు ఇంటి కుక్కపిల్ల బరువు, శరీర స్థితి అంకె, పెట్టిన ఆహారం, ఇచ్చిన మందులను ఎనిమిది వారాలు నమోదు చేయవచ్చు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ నిపుణుల సలహాతో ఆ నమోదులను ఒకచోట చేర్చితే, రేనాటి ధాన్యాలపై ఆధారపడిన కూర్పును మన పరిస్థితులకు తగినట్లు సరిదిద్దుకోవడానికి అవి పునాది అవుతాయి.