చిన్నకారు ఎత్తు తగ్గించాలంటే

ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, ఏది రాసినవారికైనా ఈ బిట్టు గుర్తుండే ఉంటుంది. ఒక స్ప్రింగును రెండు సమాన ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్క బల స్థిరాంకం ఎంత? జవాబు: రెట్టింపు. మనం జవాబు గుర్తించి పక్క ప్రశ్నకి వెళ్ళిపోతాం. అయితే మన హాస్టల్‌లో చదివి ఐటీఐలో మోటార్ మెకానిక్ నేర్చుకున్నవారికి, అప్పు చేసి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని నడుపుకునేవారికి ఈ బిట్టు పరీక్ష హాలు దాటాక కూడా ఎదురవుతుంది. "అన్నా, కారు కొంచెం కిందికి దించాలి, స్ప్రింగులు ఒక చుట్టు కోసెయ్" అని అడిగేవాళ్ళు ఊరూరా ఉన్నారు. అది ఎందుకు కూడదో, తక్కువ ఖర్చులో సరైన దారి ఏదో ఈ వ్యాసంలో చూద్దాం.

ఎందుకు దించుతారు?

మొదటి కారణం అందం. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ తగ్గితే కారు బిగువుగా కనిపిస్తుంది. రెండోది నిలకడ. గరిమనాభి ఎంత కిందికి ఉంటే మలుపులో బాడీ పక్కకి ఒరగడం అంత తగ్గుతుంది. తమిళనాడులోని ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీదా, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే మీదా పరుగెత్తే పందెం కార్లు నేలకి అంటుకున్నట్టు ఉండేది ఇందుకే.

కింద ఏముంటుంది?

మారుతి స్విఫ్ట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. ముందు చక్రాలకి మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అంటే షాకబ్జర్ చుట్టూ కాయిల్ స్ప్రింగు కూర్చుని ఉంటుంది. వెనక టార్షన్ బీమ్, దాని మీద స్ప్రింగులు, షాకబ్జర్లు. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది షాకబ్జర్. మన పుస్తకంలోని అవరుద్ధ డోలనాలు అంటే ఇవే. స్ప్రింగు మరీ ఎక్కువగా అణిగితే చివర్లో దెబ్బ కాసుకునే రబ్బరు ముక్కని బంప్ స్టాప్ అంటారు.

కోస్తే ఏమవుతుంది?

సులువుగా అర్థం కావడానికి ఒక లెక్క వేద్దాం. అంకెలు లెక్క కోసం తీసుకున్నవే.

పనిచేసే చుట్లు 6 ఉన్న స్ప్రింగు పొడవు 360 మి.మీ., బల స్థిరాంకం మి.మీ.కి 20 న్యూటన్లు అనుకుందాం. దాని మీద 2400 న్యూటన్ల బరువు పడితే 120 మి.మీ. అణిగి 240 మి.మీ. దగ్గర నిలుస్తుంది. ఒక చుట్టు కోశాం. పొడవు 300కి తగ్గింది. చుట్లు 5 కాబట్టి బల స్థిరాంకం 24 అయింది. అదే బరువుకి 100 మి.మీ. అణిగి 200 దగ్గర నిలిచింది. కారు 40 మి.మీ. దిగింది. అడిగినవాడు సంతోషిస్తాడు.

ఇప్పుడు ముందు చక్రం ఒక గుంటలో పడిందనుకోండి. స్ట్రట్ పూర్తిగా సాగుతుంది. అప్పుడు పై కప్పుకీ కింది కప్పుకీ మధ్య 330 మి.మీ. ఉందనుకుందాం. కంపెనీ స్ప్రింగు 360 కాబట్టి ఆ స్థితిలోనూ బిగువుగానే ఉంటుంది. కోసిన స్ప్రింగు పొడవు 300 మాత్రమే. 30 మి.మీ. ఖాళీ వస్తుంది. స్ప్రింగు వదులై పక్కకి జరగవచ్చు. తిరిగి బరువు పడ్డప్పుడు అది సరిగ్గా తన చోట కూర్చోకపోతే స్టీరింగు మన మాట వినదు. కోసిన కొన కప్పులో సరిగ్గా అమరదు కూడా. మంటతో కాల్చి దించడం ఇంకా ప్రమాదం. ఉక్కుకి ఎక్కించిన పదును పోయి స్ప్రింగు కుంగిపోతుంది, విరగనూ వచ్చు.

ఇంకో నష్టం ఉంది. చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు 80 మి.మీ. అనుకుంటే అందులో 40 ముందే పోయింది. స్ప్రింగు గట్టిపడింది, షాకబ్జర్ మాత్రం పాతదే. గతుకు వచ్చినప్పుడల్లా బంప్ స్టాప్‌కి తగులుతుంది, కారు ఎగిరెగిరి పడుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

1. ముందు అరిగినవి మార్చండి. కారు ఒరుగుతోంది, ఊగుతోంది అనేవాళ్ళలో చాలామంది కార్లకి అసలు రోగం అయిపోయిన షాకబ్జర్లు, చిరిగిన బుష్‌లు, అరిగిన టైర్లు. ఇవి మారిస్తేనే సగం కోరిక తీరుతుంది. చట్టం అడ్డురాదు.

2. దించి తీరాలంటే ఆ మోడల్ కోసమే తయారైన లోయరింగ్ స్ప్రింగులు నాలుగూ కొనాలి. 25, 30 మి.మీ. మించకుండా చూసుకోవాలి. ఇవి పొట్టిగా ఉన్నా చక్రం వేలాడినప్పుడు వదులు కాకుండా, తగినంత గట్టిగా తయారవుతాయి.

3. అంతకన్నా దించాలంటే పొట్టి షాకబ్జర్లు కూడా కావాలి. ఎత్తు సర్దుకునే కాయిలోవర్ సెట్టు వీటన్నిటికన్నా ఖరీదు. రోజూ తిరిగే కారుకి అది అక్కర్లేదు.

4. కూలి దగ్గర పొదుపు వద్దు. స్ప్రింగుని సరైన కంప్రెసర్‌తోనే విప్పాలి. పై లెక్కలో 120 మి.మీ. అణిగిన స్ప్రింగులో 144 జౌళ్ళ శక్తి ఉంది. పదిహేను కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత. తాడు కట్టి విప్పేవాడి ముఖానికి అది తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

5. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎత్తు మారితే చక్రాల వాలు మారి టైరు లోపలి అంచు అరిగిపోతుంది. హెడ్‌లైట్లు కూడా మళ్ళీ సరిచేయించాలి.

మన రోడ్లు, మన చట్టం

2018లో వచ్చిన స్విఫ్ట్ మోడల్‌కి ఖాళీగా ఉన్నప్పుడు నేల నుంచి ఎత్తు 163 మి.మీ. అందులో 40 తీసేస్తే 123. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. అంత వెడల్పైన దాని మీద చక్రాలు కూడా ఎక్కుతాయి కాబట్టి దించిన కారు కూడా దాటగలదు. కానీ మన కాలనీల్లో పోసే ఇరుకు సిమెంటు దిమ్మలు చక్రాల మధ్యకి వచ్చేస్తాయి. నలుగురు ఎక్కిన కారుకి అక్కడ ఇంజన్ ఆయిల్ సంపు తగులుతుంది.

చట్టం మాటకొస్తే, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశాలకి విరుద్ధమైన మార్పులు కుదరవని చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. "ఎత్తు ఆర్‌సీలో రాయరు కదా" అనే వాదన ఒకటుంది. ప్రమాదం జరిగాక బీమా సర్వేయర్ ముందు ఆ వాదన నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి దించడం ట్రాకు మీద నడిపే బండికే తగిన పని. కిస్తీ కట్టుకుంటూ నడుపుకునే బండికి పైన చెప్పిన మొదటి అంశం చాలు.

షెడ్డుల్లో పనిచేస్తున్న తమ్ముళ్ళకి ఒక మాట. కోయనంటే గిరాకీ పక్క షెడ్డుకి పోతుందన్న భయం నిజమే. ఊరికే కాదనకండి. కాగితం తీసుకుని 360, 300, 330 అంకెలు వేసి చూపించండి. ఆ కారులో కూర్చునేది అతని ఇంటివాళ్ళేనని కూడా చెప్పండి. చాలామంది వింటారు. వినని ఒకరిద్దరు పోయినా ఫరవాలేదు. మీ చేత్తో కోసిన స్ప్రింగు ఏ మలుపులోనూ ఎవరి ప్రాణం మీదికీ తేదు.