బ్యారెల్‌తో శ్రుతి బేరం

క్లారినెట్‌లో రంధ్రాలు, మీటలు ఏమీ లేని ముక్కల్లో బ్యారెల్ ఒకటి. మౌత్‌పీస్‌కూ పై గొట్టానికీ నడుమ ఇమిడే ఈ చిన్న పీపా బి-ఫ్లాట్ వాద్యంలో దాదాపు 66 మిల్లీమీటర్లు ఉంటుంది. వాయించేటప్పుడు వేళ్లకు దీంతో పనిలేదు కానీ, వాద్యం శ్రుతి మాత్రం దీని చేతిలోనే ఉంది.

1700 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ క్లారినెట్‌కు రూపమిచ్చాడంటారు. తొలినాటి వాద్యాల్లో మౌత్‌పీస్, బ్యారెల్ కలిసే ఉండేవి. విడిపోయాక శ్రుతి సవరణ సులువైంది. 1839లో పారిస్‌లో వాదకుడు క్లోజే, వాద్యాల తయారీదారు బుఫే కొత్త మీటల అమరిక తెచ్చి వేళ్ల పని మార్చేశారు. బ్యారెల్ పని మారలేదు. మన దక్షిణాదిలో 19వ శతాబ్దంలో నృత్యమేళాల్లో చేరిన ఈ వాద్యాన్ని కర్ణాటక కచేరీలో నిలబెట్టిన ఎ.కె.సి. నటరాజన్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది.

బీదర్ జిల్లా మంగళగిలోనైనా, సరిహద్దుకు ఇవతల జహీరాబాద్‌లోనైనా ఎండాకాలం పెళ్లి ఊరేగింపులో క్లారినెట్‌కు ఒక చిక్కు ఉంటుంది. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పైకి పోతుంది (అర్ధస్వరానికి 100 సెంట్లు). పక్కన హార్మోనియం ఉంటే అది వేడికి అలా పెరగదు. అందుకే బ్యారెల్‌ను కాస్త బయటికి లాగుతారు.

అయితే స్వరాలన్నీ సమంగా దిగవు. ఒక మిల్లీమీటరు లాగితే అడుగు స్వరం 3 సెంట్లు తగ్గుతుంది. అతి తక్కువ గొట్టంతో పలికే గొంతు స్వరాలు మాత్రం దాదాపు 7 సెంట్లు జారిపోతాయి. పొట్టి గొట్టానికి ఒక మిల్లీమీటరే పెద్ద వాటా మరి! పైగా లాగిన చోట లోపల గాడి పడి గాలి కదలికకు అడ్డొస్తుంది. దాన్ని పూడ్చడానికి సన్నని రింగులు వేస్తారు, లేదా పొడుగు బ్యారెల్ మారుస్తారు.

లోపలి బోరు ఆకారం మార్చడం ఇంకో దారి. ఫిలడెల్ఫియా మరమ్మతు నిపుణుడు హాన్స్ మోనిగ్ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండే బ్యారెళ్లు చేసి పేరు పొందాడు. బోరు మారితే మంద్ర, తార స్థాయులు ఒకే మేర కదలవు. వాటి మధ్య దూరమే మారుతుంది. ఊదినప్పుడు తగిలే ఎదురు ఒత్తిడీ మారుతుంది. ఒక స్వరం బాగుపడిన చోట మరొకటి చెడవచ్చు. తొలిచిన కర్ర తిరిగి రాదు కనుక ప్రయోగమేదైనా అసలు బ్యారెల్ మీద కాక, విడిగా కొన్న రెండో దానిమీద చేయడమే తెలివి.