నిశాని విలువ

పూర్వము మా ప్రాంతమున వ్రేలిముద్రను నిశాని యనెడివారు. అక్షరము రాని యిల్లాలు నిశాని వేయవలసి వచ్చినపుడు కాగితము నెవరిచేతనైనను రెండుమారులు చదివించుకొని, పెద్దకుమారుని మొగము చూచి, అప్పుడు గాని సిరాగుడ్డపై బొటనవ్రేలు నుంచెడిది కాదు. ఆ జంకు అవివేకము కాదు. నిశాని పడిన కాగితము పొలమును మ్రింగిన కథ ప్రతి యింటను నొకటి యుండెడిది. 1940 దశకమున దేశముఖు నెదిరించి తన చేనిని నిలుపుకొనిన చాకలి ఐలమ్మ యుండిన పాలకుర్తి మా పెద్దవంగరకు పొరుగు సీమయే గదా!

2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు పెద్దవంగర మహబూబాబాదు జిల్లాలో నొక మండలమైనది. అంతకు ముందు కొడకండ్ల మండలములోని గ్రామము. ఊరి పేరుతో పాటు నిశాని రూపమును మారినది. ఇప్పుడు సిరా లేదు, కాగితము లేదు, చదివి వినిపించువారు నంతకన్న లేరు. రేషను దుకాణమున బియ్యమునకు, పింఛనునకు, బ్యాంకు సొమ్ము తెచ్చి యిచ్చు మనిషియొద్ద ఖాతాలోని రూపాయలకు గాజుపలకమీద వ్రేలు పెట్టుటయే. ప్రత్తి యేరి యేరి గీతలరిగిన ముసలమ్మల వ్రేళ్లను యంత్రము గుర్తింపక పోవుటయు గలదు. నాలుగు పర్యాయములు తుడిచి, అయిదవమారు మరియొక వ్రేలు పెట్టించి, అదియును గాక కనుపాపను చూపించి, ఎట్లో పని గడుపుకొందురు. ప్రతిమారును ఏ పనికై వ్రేలు పెట్టితిమో అడుగు స్త్రీని నేనింతవరకు చూడలేదు.

ఇందు భయపడదగిన దేమున్నదని తలంచు సోదరీమణులకు పెద్దపల్లి జిల్లా ధర్మారమున జరిగిన యుదంతమును చెప్పెదను. అచ్చట సెల్‌ఫోను సిమ్ము కార్డులమ్ము వర్తకు డొకడు 2018 జూనులో పోలీసులకు చిక్కెను. సిమ్ములు ఎక్కువగ అమ్మినట్లు లెక్క చూపవలెనని యతని యాశ. కొనువారు లేకయే అమ్ముట యెట్లు? భూముల రిజిస్ట్రేషను దస్తావేజులలో అమ్మినవారి, కొన్నవారి వ్రేలిముద్రలును, ఆధారు సంఖ్యలును ఉండును. ఆ దస్తావేజుల ప్రతులు ఆనాడు ప్రభుత్వపు రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులోనే దొరకుచుండెడివి. అతడు వానిని దింపుకొని, రబ్బరు స్టాంపులు చేయు సాధనముతో ఆ ముద్రలను రబ్బరుపై పోతపోసి, యంత్రముమీద నొత్తెను. యంత్రము ఇవి సజీవమైన వ్రేళ్లే యని నమ్మెను. ఇట్లు వేలకొలది సిమ్ములు ఎరుగనివారి పేర చెలామణి యయ్యెను. దొంగ ఎవరి యింటి గడపయు త్రొక్కలేదు, ఎవరి పెట్టెయు పగులగొట్టలేదు. చేను కొన్న సంతోషమున వేసిన నిశానినే యెత్తుకొని పోయెను. తరువాతి సంవత్సరములలో ఇట్టి రబ్బరు వ్రేళ్లతోనే పరుల బ్యాంకు ఖాతాలలోని సొమ్ము తీసిన ముఠాలును మన రెండు తెలుగు రాష్ట్రములలో బయటపడినవి.

తాళముచెవి పోయినచో తాళము మార్చుకొందుము. రహస్యసంఖ్య తెలిసిపోయినచో క్రొత్తది పెట్టుకొందుము. వ్రేలు పోయినచో? పదింటికన్న భగవంతుడు మన కీయలేదు.

దీనికొక యుపాయము లేకపోలేదు. ఆధారు సంస్థవారి యాప్‌లో గాని, వెబ్‌సైటులో గాని వ్రేలిముద్రలకు బీగము వేసికొను వసతి గలదు. బీగము వేసిన పిమ్మట ముద్ర నకలు ఎవరు ఒత్తినను యంత్రమంగీకరింపదు. మనకు పనిబడినపుడు కొంచెముసేపు తెరచుకొనవచ్చును. జిరాక్సు ఇయ్యవలసిన చోట పండ్రెండంకెలలో తుది నాలుగు మాత్రమే కనబడు మరుగు ఆధారును ఇచ్చినను చాలా తావులలో సరిపోవును. సందేహములకు 1947 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరము గనుక మరచుట కష్టము! అయితే ఈ బీగము చెవి ఆధారునకు జతచేసిన ఫోనునకు వచ్చు సంఖ్యలో నున్నది. మా వాడకట్టున ఎన్నియో యిండ్లలో ఆ ఫోను భర్తదో కుమారునిదో. తన వ్రేలికి తాను బీగము వేయుటకు స్త్రీ మరియొకరి యనుమతి నడుగవలసి యున్నదన్నమాట. ఉపాయము చెప్పినవారు దీనిని తలంచినట్లు కనబడదు.

వ్రేలిముద్ర యొక యెత్తు, అప్పు యాప్‌ల ముచ్చట యింకొక యెత్తు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పట్టుకొన్న అప్పు కంపెనీల సంగతి మీరును వినియుందురు. ఆ వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్నవారును గలరు. మా బంధువర్గమున నొక కోడలు, పిల్లవాని ఫీజుకని ఇట్టి యప్పే అయిదువేలు తీసికొనినది. యాప్ దింపుకొనునపుడు ఫోనులోని పేర్లన్నిటిని చూచుటకు సమ్మతమా యని అడుగగా, సరే యని నొక్కినది. కిస్తు రెండు దినములు ఆలస్యము కాగా, ఆమె దొంగయని, ఆమె అత్తకు, ఆడబిడ్డకు, మహిళా సంఘపు అధ్యక్షురాలికి, పాలు పోయువానికి సైతము సందేశములు పోయినవి. అప్పు నెలలో తీరినది. ఆమె సంఘపు సమావేశమునకు వెళ్లుటకు ఏడాది పట్టినది. రిజర్వు బ్యాంకువారు 2022 సెప్టెంబరులో, అప్పిచ్చు యాప్‌లు ఋణగ్రస్తుల ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను, కాల్‌ల చిట్టాను ముట్టరాదని యాజ్ఞాపించిరి. ఆజ్ఞకు లోబడని దొంగయాప్‌లు ఇంకను గలవు గనుక, మోసము జరిగినచో జాగుచేయక 1930కి ఫోను చేయవలెను.

ఈ మాటలన్నియు మా పెద్దమ్మతో చెప్పగా ఆమె నవ్వి, “మన దగ్గర దాసుకునేటిదేమున్నది బిడ్డా? రెండెకరాల చెల్క, ఇద్దరు మనుమలు. ఊరందరికీ ఎరికే గదా!” యన్నది. అప్పుడామె స్నానమునకు పోవుచు గుడ్డతెర లాగుకొనుచుండెను. “మరి ఆ తెర యెందుకు పెద్దమ్మా? లోపల దొంగసొమ్మున్నదా?” యని అడిగితిని. ఆమె సమాధానమీయలేదు గాని తెర వదలలేదు.

ఆ తెర యొక హక్కని మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల యేకగ్రీవమైన తీర్పుతో ప్రకటించినది. వ్యాజ్యము తెచ్చినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు. మరుసటి యేడు సెప్టెంబరులో, ఫోను నంబరునకు ఆధారు జతచేసి తీరవలెనన్న నిర్బంధము చెల్లదనియు కోర్టు చెప్పినది. 2023 ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు శాసనము చేసినది. అడిగిన పనికి మించి మన సమాచారమును వాడరాదన్నది దాని సారము. ఆ శాసనము మా రేషను దుకాణపు వరుసదాక వచ్చుట కెన్నాళ్లు పట్టునో చూడవలెను.

ఫోనులే వలదను ఛాందసము నాకు లేదు. దుబాయిలోని కుమారుని మొగము రాత్రిపూట చూచి గాని నిదురింపని తల్లులు మా వీధిలోనే గలరు. మొన్న పెద్దమ్మతో జిరాక్సు దుకాణమునకు పోయితిని. కుర్రవాడు ఆధారు ప్రతి తీయగా మొదటిది మసకబారినది. వాడు దానిని ప్రక్కనున్న గుట్టపై పడవేసి రెండవది తీసి యిచ్చెను. పెద్దమ్మ కదలలేదు. “గా ఖరాబైనది గూడ ఇటియ్యి కొడుకా” యని చేయి చాచి పుచ్చుకొని, నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసికొన్నది.