బిడ్డ జేబులోని క్రికెట్ కార్డు

గోస్పాడు వంటి ఊళ్లలో అసర్ నమాజు ముగిసి మగ్రిబ్ అజాన్ వినబడేలోపు, ఏ అరుగు మీద చూచినా ముగ్గురు నలుగురు పిల్లల తలలు ఒకచోట వంగి కనిపిస్తాయి. వారి నడుమ ఉండేవి క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు ముద్రించిన చిన్న చిన్న అట్టలు. "పరుగులు" అని ఒకడు అడుగుతాడు. "నాదే ఎక్కువ" అని మరొకడు ఎగిరి గంతేస్తాడు. నంద్యాల బజారుకు వెళ్లి వచ్చిన తండ్రి సంచిలో కొందరు పిల్లలు ముందుగా వెదికేది మిఠాయి పొట్లం కాదు, ఈ కార్డుల పొట్లమే.

దీనిని చూచే పెద్దలు సాధారణంగా రెండు రకాలు. మొదటివారు "పనికిమాలిన అట్టలు" అని కసరి పొయ్యిలో వేస్తారు. రెండవవారు పిల్లవాడు గొడవ చేయకుండా ఉంటే చాలునని అటువైపు చూడనే చూడరు. ఈ రెండూ గాక మూడవ మార్గమొకటి ఉన్నది. అది బిడ్డ పక్కన కూర్చుని "ఏదీ, నాకూ చూపించు" అని అడగడం. ఆ మార్గం ఎందుకు మేలైనదో, దానిలో ఎక్కడెక్కడ జాగ్రత్త అవసరమో ఈ వ్యాసంలో వివరించ దలచాము.

పిట్టను గురించి అడిగిన ప్రవక్త

పిల్లల ఆటపాటలను పెద్దలు పట్టించుకోవడం మర్యాదకు తక్కువ అని భావించేవారు హజ్రత్ అనస్ (రజి) గారి తమ్ముడు అబూ ఉమైర్ ఉదంతాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. ఆ పసివానికి ఒక చిన్న పిట్ట ఉండేది. దానితో ఆడుకునేవాడు. అది చనిపోయింది. దైవప్రవక్త (స) వారింటికి వచ్చినప్పుడు ఆ బాలుని ముద్దుపేరుతో పలకరించి, పిట్ట సంగతి ఏమైందని పరామర్శించారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. హిజ్రీ నాలుగవ శతాబ్దపు షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ ఈ ఒక్క హదీసు నుండే అరవై పాఠాలను వెలికితీసి ఒక చిన్న గ్రంథం రచించారు.

మదీనా వ్యవహారాలన్నీ భుజాన మోస్తున్న మహనీయునికి ఒక పసివాని పిట్టను గురించి అడిగే తీరిక దొరికింది. మనకు మన బిడ్డ చేతిలోని కార్డును గురించి అడిగే తీరిక లేదా?

ఈ కార్డు ఎక్కడ పుట్టింది?

ఈ కార్డుల పుట్టుక అంత గొప్పది కాదు. పంతొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో అమెరికా, ఇంగ్లాండు దేశాల సిగరెట్ కంపెనీలు పెట్టె నలగకుండా లోపల ఒక గట్టి అట్ట పెట్టేవి. దాని మీద బొమ్మలు వేస్తే కొనుగోలుదారులు పెరుగుతారని వారు గ్రహించారు. ఇంగ్లాండులోని విల్స్ కంపెనీ 1896లో క్రికెట్ ఆటగాళ్ల కార్డులు విడుదల చేసింది. తండ్రి పొగ తాగితే కొడుకు కార్డు దాచుకునేవాడు.

1909–1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు వేసినప్పుడు హోనస్ వాగ్నర్ అనే ఆటగాని కార్డు కొద్ది సంఖ్యలో మాత్రమే బయటికి వచ్చి ఆగిపోయింది. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనడం ఇష్టం లేక ఆయన అభ్యంతరం చెప్పాడని ఒక కథనం, పారితోషికం కుదరక అని మరొక కథనం. ఏదైనప్పటికీ ఆ అరుదైన కార్డులలో ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే ఏడు ఆగస్టులో మికీ మాంటిల్ అనే ఆటగాని 1952 నాటి కార్డు 1.26 కోట్ల డాలర్లు పలికింది. దానిని ముద్రించిన టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ, అమ్ముడుపోక మిగిలిన ఆనాటి కార్డులను తరువాతి కాలంలో పెట్టెలకొద్దీ సముద్రంలో పారవేయించింది!

ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పవలసినది. కంపెనీవారికే తమ సరుకు విలువ తెలియలేదు. కనుక "ఇవి దాచితే రేపు లక్షలు వస్తాయి" అని ఎవరైనా చెబితే నమ్మరాదు. ఇష్టం కొద్దీ దాచుకున్నది ఇష్టం కొద్దీ ఉండనీయాలి. దానికి సంపాదన ఆశను తగిలించరాదు.

మన ప్రాంతంలో మా తరంవారు అగ్గిపెట్టెల అట్టలు ఏరి దాచుకునేవారు. తరువాత ఎనభై, తొంభైలలో 'బిగ్ ఫన్' బబుల్‌గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వచ్చాయి. ఒక్కో బొమ్మ మీద ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అని అచ్చు ఉండేది. వాటిని కూడబెట్టి బహుమతులు తెచ్చుకునేవారు. ఆ పిమ్మట ట్రంప్ కార్డులు, ఐపీఎల్ వచ్చాక టాప్స్ వారి 'క్రికెట్ అటాక్స్' కార్డులు బజారులోకి వచ్చాయి. నేటి తండ్రులలో చాలామంది నిన్నటి బిగ్ ఫన్ పిల్లలే. కనుక ఈ ఆట వారికి కొత్తది కాదు, మరచిపోయినది మాత్రమే.

కార్డు వెనుక ఉన్న చదువు

కార్డు ముందువైపు బొమ్మ ఉంటుంది. తండ్రికి పని ఉన్నది వెనుకవైపున. ఉదాహరణకు హైదరాబాదుకు చెందిన ముహమ్మద్ అజహరుద్దీన్ లెక్క తీసుకుందాం. ఆయన 99 టెస్టులలో 147 ఇన్నింగ్స్ ఆడి 6215 పరుగులు చేశాడు. అందులో 9 మార్లు అవుట్ కాలేదు. సగటు ఎట్లా కట్టాలి? 147లో 9 తీసివేస్తే 138. 6215ను 138తో భాగిస్తే 45కు కొంచెం పైన వస్తుంది. బడిలో భాగహారమంటే ముఖం చాటేసే బిడ్డ ఇక్కడ పలక అడిగి మరీ లెక్క వేస్తాడు. "అవుట్ కాని ఇన్నింగ్స్ ఎందుకు తీసేయాలి?" అని వాడు అడిగితే, ఆ రోజు తండ్రి కష్టం ఫలించినట్లే.

అంకెలు చెప్పనివి కూడా తండ్రే చెప్పాలి. ఇదే అజహరుద్దీన్ తన మొదటి మూడు టెస్టులలోనూ శతకాలు సాధించాడు. 2000లో పందెపురాయుళ్లతో చేతులు కలిపాడన్న ఆరోపణపై క్రికెట్ బోర్డు ఆయనపై జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. ఈ రెండూ చెప్పాలి. ఒక పక్షం విని తీర్పు చేయరాదని, పందెం నీడ సోకితే ఎంత గొప్ప ఆటగాని పేరైనా ఎంత కాలం నలుగుతుందో చూడమని బిడ్డకు బోధించడానికి ఇంతకన్న మంచి పాఠం ఏది?

ముహమ్మద్ సిరాజ్ కార్డు తీయండి. హైదరాబాదులో ఆటో నడిపిన తండ్రి బిడ్డ. 2020 నవంబరులో జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి మరణవార్త అందింది. అక్కడే ఉండి, డిసెంబరులో మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. 2023 ఆసియా కప్ తుదిపోరులో 21 పరుగులకు 6 వికెట్లు తీసి, తనకు వచ్చిన బహుమతి సొమ్మును మైదానం సిబ్బందికి ఇచ్చివేశాడు. కార్డు మీద ఉండేది ఆ 6 వికెట్ల లెక్క. ఇచ్చివేసిన సంగతి కార్డు మీద ఉండదు, అది ఇంట్లోనే చెప్పాలి.

ఇది కొడుకుల ఆట మాత్రమే అని తలచరాదు. విశాఖపట్నానికి చెందిన షబ్నమ్ షకీల్ 2023లోనూ, 2025లోనూ అండర్-19 మహిళల ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో ఉన్నది. కూతురు కార్డులు అడిగితే "నీకెందుకు?" అనవద్దు. లెక్కలు ఆమెకూ కావాలి, తండ్రి పక్కన చోటు ఆమెకూ కావాలి.

ఆట జూదమయ్యే చోటు

ఇక అసలు జాగ్రత్తకు వద్దాం. ట్రంప్ కార్డులు రెండు విధాలుగా ఆడతారు. ఒకటి, ఆట ముగిశాక ఎవరి కార్డులు వారికి తిరిగి ఇచ్చేయడం. రెండవది, గెలిచినవాడు ఓడినవాని కార్డులు ఇంటికి తీసుకుపోవడం. చూచేవారికి రెండూ ఒకటే. ధర్మం దృష్టిలో వీటి మధ్య భూమ్యాకాశాల అంతరమున్నది. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా మద్యంతో పాటు జూదాన్ని కూడా నిషేధించింది. జూదమంటే పిల్లలు అక్రోటు కాయలు పందెం పెట్టి ఆడే ఆట కూడా అందులో చేరుతుందని అతా, ముజాహిద్, తావూస్ వంటి తాబయీన్‌లు చెప్పినట్లు తఫ్సీర్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆనాటి అక్రోటు కాయ స్థానంలో నేడు క్రికెట్ కార్డు ఉన్నది, అంతే.

కొన్నేళ్ల క్రితం ఒక తండ్రి మా వద్దకు వచ్చాడు. కుండూ నది ఒడ్డున కౌలుకు వరి పండించే మనిషి. పదేళ్ల కొడుకు తన కార్డులన్నీ ఒక పెద్ద పిల్లవానికి ఓడిపోయి, మళ్లీ గెలుచుకోవాలని తల్లి బియ్యం డబ్బాలో దాచిన డబ్బు తీశాడు. "హజ్రత్, మీరే వానికి నాలుగు తగిలించి బుద్ధి చెప్పండి" అన్నాడు. మేము పిల్లవానిని పిలిచి, ఎందుకు తీశావని మెల్లగా అడిగాము. "ఇంకొక్క ఆట ఆడితే అన్నీ తిరిగి వస్తాయనుకున్నాను" అన్నాడు. ఆ మాట విని తండ్రి నిలువునా నీరైపోయాడు. ఐపీఎల్ రోజుల్లో పందాలు కాసి పొలం తాకట్టు పెట్టినవారు చెప్పే మాట కూడా అక్షరాలా ఇదే గదా!

మేము బెత్తం తీయలేదు. "రోజూ ఇషా తరువాత పావుగంట నీవే వానితో ఆడు. ఆట ముగియగానే వాని కార్డులు వానికి లెక్కపెట్టి ఇవ్వు" అని తండ్రికి చెప్పాము. తల్లి డబ్బు వాడే చిన్న చిన్న పనులు చేసి తీర్చాలని కూడా నిర్ణయించాము. రెండు నెలలకు ఆ డబ్బు తీరింది. అంతకన్న ముఖ్యం, ఓడిపోయినా పోగొట్టుకునేది ఏదీ లేని ఆట ఎంత హాయిగా ఉంటుందో ఆ పిల్లవాడు రుచి చూచాడు. "ఓడినా నవ్వుతున్నాడు హజ్రత్" అని ఆ తండ్రి ఒకనాడు మసీదు మెట్ల మీద చెప్పాడు.

ఆన్‌లైన్ జూదాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో చట్టసవరణ ద్వారా నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. చట్టం వీధిలో కాపలా కాస్తుంది. బిడ్డ మనసులోకి తొంగిచూడవలసింది తల్లిదండ్రులే. "పోయింది తిరిగి గెలుచుకుంటాను" అనే ఆలోచన పదేళ్ల వయసులో అట్టముక్కల వద్దే తెగిపోతే, ఇరవై ఏళ్ల వయసులో ఫోను వద్ద దానితో పోరాడే అవసరం రాదు.

మరి మూడు జాగ్రత్తలు

మొదటిది మూసిన పొట్లాల సంగతి. లోపల ఏ ఆటగాడు ఉన్నాడో తెలియకుండా కొనడం, కావలసినది దొరికే వరకు మళ్లీ మళ్లీ కొనడం పిల్లలకు వ్యసనంగా మారుతుంది. ఏమున్నదో తెలియని సరుకు బేరాన్ని ప్రవక్త (స) వారించారన్న సంగతి వారికి చెప్పి, వీలైనంత వరకు పూర్తి కట్టను గానీ కంటికి కనిపించే కార్డులను గానీ కొనివ్వండి. కావలసిన కార్డును మిత్రునితో ఇద్దరి ఇష్టంతో మార్చుకోవడం నేర్పండి. మారకంలో చినిగిన మూలను దాచి ఇవ్వరాదని కూడా చెప్పండి. వ్యాపారంలో నిజాయితీకి అదే తొలి పాఠం.

రెండవది బొమ్మల సంగతి. ఫోటోల విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరు ఏ పండితుని అనుసరిస్తున్నా, కార్డులను నమాజు చేసే గది గోడకు అతికించకుండా ఒక పెట్టెలో దాచుకోవడం అందరికీ క్షేమం. ఆటగాడు ఆటగాడే, ఆరాధ్యుడు కాడు.

మూడవది ఖర్చు. పక్కింటి పేదబిడ్డ నోరు తెరచి చూచేటంతగా పొట్లాలు పోగుచేయడం దుబారా అవుతుంది. రెండేసి ఉన్న కార్డులు ఆ బిడ్డకే ఇప్పించండి.

ఇంట్లోనే చేసుకునే కార్డులు

డబ్బు అసలే లేని ఇంట్లో కూడా ఈ ముచ్చట తీరుతుంది. పాత పెళ్లి పత్రికల గట్టి అట్టలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. వాటిని రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవున కత్తిరించండి. బజారులో దొరికే అసలు కార్డుల కొలత సాధారణంగా అదే. దినపత్రిక ఆటల పేజీలోని బొమ్మ ఒకవైపు అంటించి, రెండవవైపు బిడ్డ చేతనే లెక్కలు వ్రాయించండి. బొమ్మ వద్దనుకునేవారు పేరు మాత్రమే అందంగా వ్రాయించవచ్చు.

అంతటితో ఆగవద్దు. మన ఊరి ఆటగాళ్లకూ కార్డులు చేయండి. సంక్రాంతి పోటీలలో బంతులు వేసిన చిన్నాన్న, ఆళ్లగడ్డ జట్టుపై గెలిచిననాడు ఆడిన మామ, ఒకప్పుడు కబడ్డీలో పేరు తెచ్చుకున్న జేజినాయన, వీరందరి లెక్కలు ఎవరు వ్రాసిపెట్టారు? బిడ్డ కలం పట్టుకుని జేజినాయన వద్దకు వెళ్లి "నీవు ఎన్ని ఆటలు ఆడినావు?" అని అడిగితే, ఆ ముసలి ప్రాణం ఎంత పొంగిపోతుందో ఊహించండి. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో తల్లి ఈ పని చేయించి, శుక్రవారం నాడు ఫోనులో బిడ్డ చేత ఆ కార్డులు చదివించవచ్చు. "బాగున్నావా, తిన్నావా" అన్న రెండు మాటలతో ముగిసిపోయే సంభాషణ అరగంట సాగుతుంది.

సోదర సోదరీమణులారా! కార్డు పదేళ్లకు రంగు వెలిసిపోతుంది. పిల్లవాడు పెద్దవాడై దానిని మరచిపోతాడు. కానీ చిన్ననాడు తన ఇష్టాన్ని గురించి తండ్రితో మాట్లాడిన బిడ్డ, పెద్దయ్యాక తన కష్టాన్ని గురించి కూడా తండ్రితోనే మాట్లాడతాడు. చిన్ననాడు ఆ తలుపు మూసినవారు తరువాత ఎంత తట్టినా అది తెరచుకోవడం కష్టం. పావుగంట సమయం, కొన్ని అట్టముక్కలు, "ఏదీ చూపించు" అన్న ఒక్క మాట ఇందుకు చాలు. మన సంతానాన్ని మన కళ్లకు చల్లదనంగా చేయవలసిందిగా అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.